పై పొర, లోపలి పూర్ణం: సీమ వంటింట్లో శాకాహార పైలు

మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు. కర్నూల్లో ఎండ 43 డిగ్రీలు దాటింది. వెన్న కలిపిన మైదా ముద్దను ఫ్రిజ్‌లోంచి తీసి పీట మీద పెట్టి, అప్పడాల కర్ర కోసం అటు తిరిగి ఇటు వచ్చేలోపే అది చేతికి అంటుకునేంత మెత్తబడింది. ఎట్లాగో పళ్లెంలో పరిచి, బంగినపల్లి మామిడి ముక్కలు నింపి, చక్కెర చల్లి, మీద ఇంకో పొర కప్పి ఓవెన్‌లోకి తోశాను. నలభై నిమిషాలకు పైన చూడముచ్చటగా ఎర్రబడింది. కత్తి దించి చూస్తే కింద పొర జావ అయిపోయింది.

సెలవులకని ప్రొద్దుటూరు నుంచి వచ్చిన అమ్మ దాన్ని చెంచాతో తీసుకుని తిన్నది. "రుచికేం తక్కువ లేదు గానీ, తడి పూర్ణం పెట్టి ఓళిగ తట్టేకి యాడన్నా అయితాదా మే?" అని ఒక్క మాట అనేసి చేయి కడుక్కుంది.

ఆ తర్వాత చాలా పైలు చేశాను, చాలా పద్ధతులు చదివాను, చూశాను. గుడ్డు లేకుండా ఎట్లా, ఓవెన్ లేకుండా ఎట్లా, మైదా లేకుండా ఎట్లా అని ఎవరెవరు ఏం చెబుతున్నారో పోల్చుకున్నాను. తిరిగి తిరిగి అమ్మ మాట దగ్గరికే వచ్చాను. పై చెడిపోయేది ఎక్కువగా తడి దగ్గరే. ఆ తడిని ముందే తేల్చుకోవడం సీమ ఆడవాళ్లకు తరాలుగా చేతనైన విద్య. ఇంట్లో శాకాహార పైలు చేసుకోవాలంటే కొత్తగా నేర్చుకోవలసింది కొంచెమే, మరిచిపోకుండా ఉండాల్సిందే ఎక్కువ. ఈ వ్యాసంలో ఆ లెక్క చూద్దాం.

పై అంటే ఏమిటి

తెలుగులో 'పై' అంటే మీద అని అర్థం. ఇంగ్లీషు వంటకం 'పై'కీ మన మాటకూ చుట్టరికం లేదు గానీ, అర్థం మాత్రం చక్కగా కుదిరింది. లోపల ఏదో ఒక పూర్ణం, దాని పైన, చుట్టూ లేదా కింద ఒక పిండి పొర. అంతే పై. పైనా కిందా పొర ఉంటే మూత పై, కింద మాత్రమే ఉంటే టార్ట్, మడిచి అంచులు నొక్కేస్తే చేతి పై.

మధ్యయుగపు ఇంగ్లండులో ఈ పిండి పొరను 'కాఫిన్' అనేవాళ్లు. పెట్టె అని అర్థం. గట్టిగా, మందంగా ఉండే ఆ పొర లోపలి మాంసాన్ని కాపాడే డబ్బా మాత్రమే, తినడానికి పెద్దగా పనికొచ్చేది కాదు. పొర కూడా రుచిగా ఉండాలన్న పట్టింపు తర్వాత పెరిగింది. కార్నిష్ పాస్టీ, గ్రీకుల పాలకూర పై, లాటిన్ అమెరికా ఎంపనాడా, పర్షియా సంబూసక్ నుంచి మనదాకా వచ్చిన సమోసా, అన్నీ ఒకే ఇంటి పిల్లలు. 1500 ప్రాంతంలో మాళ్వా సుల్తాను కోసం రాసిన వంటల పుస్తకం 'నిమత్‌నామా'లోనే రకరకాల సమోసాలు కనిపిస్తాయి.

మరి మన ఓళిగ, అదే పూర్ణం పోళీ, ఎంత పాతది? ఇక్కడ ఒక పొరపాటును సరిదిద్దాలి. పూర్ణం పోళీ తయారీ అల్లసాని పెద్దన 'మనుచరిత్ర'లో ఉందనీ, అది 14వ శతాబ్దపు విజ్ఞాన సర్వస్వమనీ చాలాచోట్ల ఒకరిని చూసి ఒకరు రాస్తున్నారు. 'మనుచరిత్ర' 16వ శతాబ్దపు ప్రబంధం. ప్రవరుడి కథ చదివినవాళ్లెవరూ దాన్ని సర్వస్వం అనరు. పాతదనం చూపించాలంటే కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి 'మానసోల్లాసం' వైపు చూడటం నయం. 1129 ప్రాంతపు ఆ సంస్కృత గ్రంథంలో రాజుగారి భోజనం గురించిన భాగంలో గోధుమపిండి మండకాల (పలచటి రొట్టెల) వంటి వంటకాలున్నాయి. కర్ణాటక పొరుగు మనకు ఎప్పుడూ ఉన్నదే. కన్నడ హోళిగె కడప వైపు ఓళిగ అయింది. మా అత్తగారి కర్నూల్లో అదే భక్ష్యం. కోస్తాకు పోతే బొబ్బట్టు.

శాకాహారం ఎక్కడిదాకా

2014 నాటి ఎస్‌ఆర్‌ఎస్ బేస్‌లైన్ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు దాటినవాళ్లలో 98 శాతానికి పైగా మాంసాహారులే. ఈ లెక్క చూసి శాకాహార పై ఎవరికోసం అనిపించవచ్చు. కానీ సీమలో శాకాహారం కులాన్ని బట్టే కాదు, రోజును బట్టి కూడా నడుస్తుంది. శనివారం నీచు ముట్టని ఇళ్లు ఎన్నో. శ్రావణం, కార్తీకం సరేసరి. అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు. బ్రాహ్మలు, కోమట్లు, లింగాయతులు, ఊళ్లో స్థిరపడిన మార్వాడీలు ఎటూ ఉండనే ఉన్నారు. కాబట్టి ఎంత మాంసప్రియుల ఇంట్లోనైనా ఏడాదిలో చాలా రోజులు ఈ ప్రశ్న వస్తుంది.

పాశ్చాత్య పై లోపల పండ్లే ఉన్నా శాకాహారం కాకపోవచ్చు. పొర కరకరలాడటానికి పాతకాలం నుంచి వాడింది పంది కొవ్వు. క్రిస్మస్ మిన్స్ పైలో పశువుల మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు కలిపేవాళ్లు. పైన మెరుపు కోసం గుడ్డు సొన, లోపల కస్టర్డు కోసం మళ్లీ గుడ్డు, చల్లార్చి గడ్డకట్టించే రకాల్లో జెలటిన్. ఇది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది.

మన దేశంలో ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క, గోధుమరంగు చుక్క 2001లో వచ్చాయి. 2020 నిబంధనలతో మాంసాహార గుర్తులో చుక్క స్థానంలో త్రికోణం వచ్చింది. ఈ లెక్కలో పాలు శాకాహారం, గుడ్డు మాంసాహారం. చీజు, జెల్లీ, చాకొలెట్ కొనేటప్పుడు ఆ గుర్తు చూసుకుంటే చాలావరకు సరిపోతుంది.

గుడ్డు తీసేస్తే ఏమవుతుందోనన్న భయం మాత్రం అక్కరలేదు. మామూలు పై పొరకు అసలు గుడ్డు పనే లేదు. పైన మెరుపుకు చిక్కటి పాలు పూస్తే చాలు, తీపి పై అయితే పాలలో చిటికెడు చక్కెర. కస్టర్డు సంగతి మరీ విచిత్రం. మనం పండ్లముక్కల్లో కలుపుకునే కస్టర్డు పొడి పుట్టిందే గుడ్డు లేకుండా. 1837లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఇంగ్లీషు మందుల వ్యాపారి, గుడ్డు పడని తన భార్య కోసం మొక్కజొన్న పిండితో దాన్ని తయారుచేశాడు. జెలటిన్ బదులు సముద్రపు నాచు నుంచి తీసే చైనా గ్రాస్ ఉంది. అంటే గుడ్డు లేదని ఆగిపోయే పని ఏదీ లేదు. కేకులో గుడ్డు తీసేయడం కష్టం, పైలో తేలిక. ఈ తేడా తెలియకనే చాలామంది 'ఎగ్‌లెస్' అనగానే వంటసోడా, వెనిగర్ల వెంట పడతారు. పైకి అవేవీ వద్దు.

ఓళిగ నేర్పే పాఠం

ఉగాది ముందురోజు మా పుట్టింట్లో పని శనగ బేడలు నానేయడంతో మొదలయ్యేది. కడప, కర్నూలు నల్లరేగళ్లలో రబీలో శనగ బాగా పండుతుంది. కర్నూలు వైపు పప్పుశనగ అంటారు, జమ్మలమడుగు, మైదుకూరు వైపు బుడ్డశనగ. చలికాలపు మంచుతోనే పండిపోయే పంట. గోధుమ మాత్రం మన మెట్ట చేలది కాదు, బయటినుంచి వచ్చిందే. కాబట్టి ఓళిగలో పైపొర అరువు, పూర్ణం సొంతం.

బేడలు ఉడికేటప్పుడు అమ్మ పొయ్యి దగ్గరనుంచి కదిలేది కాదు. నాలుగు బేడలు తీసి వేళ్ల మధ్య నలిపి చూసేది. నలగాలి, కానీ పేస్టు కాకూడదు. పలుకు ఉండగానే దించి, గంజి వార్చినట్టు నీళ్లన్నీ వార్చేసేది. ఆ నీళ్లను పారబోస్తే తిట్లే. చింతపండు, మిరియాలు, జీలకర్ర, కాస్త పూర్ణం ముద్ద వేసి మరిగిస్తే ఓళిగల చారు. తీపికి కారం తోడు అట్లా దొరికేది. వార్చిన బేడల్లో అంతే బరువు బెల్లం వేసి మళ్లీ పొయ్యి మీద పెడితే బెల్లం కరిగి మొత్తం జారుతుంది. మొదటిసారి చేసేవాళ్లు ఇక్కడ భయపడి దించేస్తారు. అమ్మ దించదు. గరిటె నిలబెడితే నిలిచేదాకా తిప్పుతూనే ఉంటుంది. తర్వాత రోట్లో, ఒక్క చుక్క నీళ్లు తగలకుండా రుబ్బడం. రుబ్బిన ముద్ద చేతిలో ఉండ చేస్తే చేతికి అంటకుండా ఉండాలి, అంటితే మళ్లీ పొయ్యి మీదికే.

పైపిండి సంగతి సరిగ్గా దీనికి తలకిందులు. మైదా, గుప్పెడు చిరోటి రవ్వ, చిటికెడు పసుపు, చపాతీ పిండి కంటే బాగా జారుగా. మీద చెనిక్కాయల నూనె గుమ్మరించి రెండు గంటలు వదిలేయడం. గోధుమలో ఉండే జిగురు (గ్లూటెన్) కలిపినప్పుడు బిగుసుకుంటుంది, నానితే సడలుతుంది. సడలిన పిండిని అరటాకు మీద ఎంత తట్టినా చిరగదు. పూర్ణం ఉండ దానికి రెట్టింపున్నా లోపలే ఉంటుంది. పొర పలచన, పూర్ణం ఘనం.

పై చేసేవాళ్లకు కావలసిన రెండు నియమాలూ ఇక్కడే ఉన్నాయి. లోపలికి పోయేది ముందే ఉడికి, తడి ఆరి, చల్లబడి ఉండాలి. పైపొర నాని ఉండాలి. నా మామిడి పైలో మొదటిది తప్పింది, ఫ్రిజ్‌లో ఉంచానన్న ధీమాతో రెండోదీ అరకొరగానే జరిగింది.

ఉగాది నాడు దేవుని కడపలో వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు కూడా వచ్చి మొక్కుకుంటారు, స్వామి భార్యగా చెప్పుకునే బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ అంటారు. ఆ రోజు కడపలో ఏ గుమ్మంలోకి పోయినా ఓళిగ వాసనే.

కజ్జికాయ: తడిలేని పై

ఓళిగ రెండు రోజులు ఉంటుంది. కజ్జికాయ రెండు మూడు వారాలుంటుంది. కారణం పూర్ణంలోనే ఉంది. వేయించిన పప్పుల పొడి, ఎండుకొబ్బరి, చక్కెర, గసగసాలు, యాలకులు. నీటి జాడే లేదు. సీమ పెళ్లిళ్ల సారె డబ్బాల్లో కజ్జికాయలకు చోటు దొరికింది అందుకే.

కజ్జికాయ పొర గురించి పుస్తకాల్లో తక్కువ రాస్తారు గానీ, పాశ్చాత్య పై పొరకు మనలో దగ్గరి చుట్టం అదే. మైదాలో కాగిన నెయ్యో నూనో పోసి రెండు చేతులా నలుపుతాం. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేలితో పొడిస్తే రాలిపోవాలి. అది గుర్తు. ఇంగ్లీషు వంటల్లో చల్లటి వెన్నను వేళ్ల కొసలతో పిండిలో నలిపేది కూడా ఇందుకే. కొవ్వు పిండి రేణువులను చుట్టేస్తే నీళ్లు అందక జిగురు సాగదు, పొర గుల్లగా వస్తుంది. తేడా పాళ్లలో ఉంది. కజ్జికాయకు పిండిలో ఏడో వంతో ఎనిమిదో వంతో కొవ్వు చాలు, ఎందుకంటే మిగతాది కాగే నూనె ఇస్తుంది. ఓవెన్‌లో కాల్చే పైకి పిండిలో సగం బరువు కొవ్వు పడుతుంది. వేయించేది మానేశాం, ఆరోగ్యం అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కాల్చినంత మాత్రాన నూనె తగ్గదు, ముందే లోపల చేరిపోయి ఉంటుంది.

పొరలు పొరలుగా విడిపోయే పఫ్ పేస్ట్రీకి కూడా మన దగ్గర జవాబుంది. మడత కాజాలు, చిరోటీలు చేసేటప్పుడు నెయ్యి, బియ్యప్పిండి కలిపి గిలక్కొట్టి చపాతీల మధ్య పూసి, చుట్టి, కోసి, మళ్లీ వత్తుతాం. మధ్యలో కొవ్వు ఉండటం వల్ల పొరలు కలవవు. పాశ్చాత్యులు వెన్న దిమ్మను మడతలు పెట్టి సాధించేది ఇదే. బియ్యప్పిండి కలిపిన నెయ్యి ఎండలో కూడా అంత తొందరగా కారిపోదు. మన ఎండకు ఇదే సరైన దారి.

బేకరీ అద్దాల వెనక

తెలుగు పట్టణాల్లో పైని జనానికి అలవాటు చేసింది బేకరీయే. సాయంత్రం నాలుగు గంటలకు ట్రేలో వచ్చే కర్రీ పఫ్ నూటికి నూరుపాళ్లు కారం పై. దిల్‌పసంద్ తీపి పై. రెండు గుండ్రటి పొరల మధ్య కొబ్బరి, చక్కెర, టూటీఫ్రూటీ పెట్టి కాల్చి ముక్కలుగా కోసేది. 19వ శతాబ్దం చివర బెంగళూరులో మొదలైన అయ్యంగార్ బేకరీల ఒరవడి గుడ్డు లేని సరుకుకు పెట్టింది పేరు. ఆ పేరుతో బోర్డులు ఇప్పుడు కర్నూలు, కడప వీధుల్లోనూ కనిపిస్తాయి.

బేకరీ పఫ్ ఇంట్లో ఎందుకు రాదని చాలామంది అడుగుతారు. కొవ్వు వేరు. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. బేకరీవాళ్లు వాడే గట్టి మార్జరీన్, వనస్పతి అంతకంటే వేడిని ఓర్చుకుంటాయి. మనకు 1937 నుంచి డాల్డా అలవాటైంది. ఎంతగా అంటే ఆ బ్రాండు పేరే ఆ సరుకు పేరయింది. ఆ గట్టిదనం వెనక ట్రాన్స్ ఫ్యాట్ ఉండేది. ఆహార భద్రత సంస్థ నూనెలు, కొవ్వుల్లో దాని మోతాదును 2021 జనవరి నుంచి 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి పరిమితం చేసింది. ఇప్పుడు ప్యాకెట్లలో వచ్చే సరుకు పాతదానికంటే నయమే. అయినా ఇంట్లో చేసుకునేటప్పుడు దాని అవసరం లేదు.

బేకరీకీ ఇంటికీ మధ్య ఒకప్పుడు ఇంకో సంబంధం ఉండేది. వేసవి సెలవుల్లో మైదా, చక్కెర, డాల్డా డబ్బాల్లో పెట్టుకుని బేకరీకి పోయి, వాళ్ల కట్టెల భట్టీలో బిస్కట్లు కాల్పించుకుని డబ్బా నిండా తెచ్చుకునేవాళ్లం. కాల్చినందుకు కూలి ఇచ్చేవాళ్లం. పిండి మనది, మంట వాళ్లది. ఇంటింటికీ ఓవెన్ అక్కరలేదని ఆ పద్ధతి నిరూపించింది. దాన్ని ఎవరైనా మళ్లీ మొదలుపెడితే బాగుండును.

ఎండకు తగిన పొర

వెన్న చల్లగా ఉండాలన్నది చలిదేశాల నియమం. అక్కడ వంటగది 20 డిగ్రీలుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన వంటింట్లో పొయ్యి వెలిగించకుండానే 35 దాటుతుంది. ఆ వేడిలో వెన్న పొర పట్టుదలకు పోవడమే. ఐస్ నీళ్లు, ఫ్రిజ్‌లో పెట్టిన గిన్నెలు, ఏసీ గది అంటూ కొందరు సలహాలిస్తారు. చేయగలిగినవాళ్లు చేయొచ్చు. నేను మాత్రం నెయ్యి దారి పట్టాను.

వెన్నలో 80 శాతం చిల్లర కొవ్వు, 16 శాతం దాకా నీళ్లు. నెయ్యిలో నీళ్లు దాదాపు ఉండవు. అందుకని వెన్న కొలతకు నెయ్యి వేస్తే పొర మరీ విరిగిపోతుంది. పావుకిలో మైదాకు 125 గ్రాముల వెన్న రాసి ఉంటే, 100 గ్రాముల నెయ్యి చాలు. నెయ్యి పేరుకుని రవ్వరవ్వగా ఉండాలి, కారిపోతుంటే అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. అర చెంచా ఉప్పు. కజ్జికాయకు నలిపినట్టే నలిపి, నాలుగైదు పెద్ద చెంచాల చల్లటి నీళ్లతో దగ్గరికి తీసి, మర్దన చేయకుండా ముద్దగా చేసి అరగంట మూతపెట్టాలి. మర్దన చేస్తే చపాతీ అవుతుంది, పై కాదు.

గోధుమపిండితో చేయొచ్చా అంటే చేయొచ్చు. పొట్టు ఎక్కువ నీళ్లు తాగుతుంది, పొర కొంచెం బరువెక్కుతుంది. సగం మైదా, సగం గోధుమపిండి నా మట్టుకు సరైన రాజీ.

చిరుధాన్యాల వాదం ఇంకొకటి. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం చేశాక జొన్న పై, కొర్ర పై, రాగి పై అంటూ ప్రచారం పెరిగింది. జొన్న మన తిండే. అయితే జొన్నలో సాగే జిగురు లేదు. అందుకే రొట్టెకు ఉడుకునీళ్లు పోసి కలుపుతాం, పిండి ఉడికి బంకగా మారి రొట్టెను నిలబెడుతుంది. రొట్టె లోపల కూర పెట్టి మూయాలని సీమలో ఎవరూ ప్రయత్నించలేదు, పక్కన పెట్టుకుని తిన్నారు. ఆ తెలివిని గౌరవిద్దాం. జొన్నతో మూత పై చేయబోతే పగుళ్లే. కింద మాత్రమే పొర ఉండే టార్ట్‌కు మాత్రం జొన్న భేషుగ్గా కుదురుతుంది. 150 గ్రాముల జొన్నపిండిని దోరగా వేయించి, 100 గ్రాముల గోధుమపిండి, 90 గ్రాముల నెయ్యి కలిపి, పళ్లెంలో వేళ్లతో అద్ది కాలిస్తే కరకరలాడుతూ మట్టివాసన లాంటి కమ్మదనంతో ఉంటుంది.

తీపి: మామిడి, గుమ్మడి, చీనీ

బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒకప్పటి సంస్థానం బనగానపల్లె ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. పండు బాగా కండగలది, పీచు లేనిది. పైకి దోరపండు కావాలి. మిగల పండింది రసానికే.

మామిడిలో నూటికి 80 పాళ్లకు పైగా నీళ్లే. 600 గ్రాముల ముక్కల మీద 60 గ్రాముల చక్కెర చల్లి అరగంట వదిలేస్తే గిన్నె అడుగున రసం ఊరుతుంది. ఆ రసాన్ని మాత్రమే వంపి, పాకం వచ్చేదాకా మరిగించి, రెండు చెంచాల మొక్కజొన్న పిండి నీళ్లలో కలిపి పోసి చిక్కబరచాలి. ముక్కలు, నిమ్మరసం కలిపి పూర్తిగా చల్లార్చాలి. బేడల నీళ్లు వార్చి చారు కాయడం లాంటిదే ఇది. వేరు చేసిన నీటిని పారేయకుండా చిక్కగా మార్చి వెనక్కి తెస్తున్నాం. కింద పొరను ముందు ఒంటరిగా 190 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు కాల్చాలి. ఉబ్బకుండా మీద కాగితం పరిచి గుప్పెడు ముడిశనగలు పోస్తే చాలు. తర్వాత పూర్ణం, మూత, మూతకు నాలుగు గాట్లు, పైన పాలు. అదే వేడిలో 35 నిమిషాలు. గంట చల్లారాకే కోయాలి, పిండిపదార్థం గట్టిపడేది అప్పుడే. వేడివేడిగా కోసి, కారిపోయిందని ఏడ్చేవాళ్లే ఎక్కువ.

అమెరికాలో ఉన్న మన పిల్లలు నవంబరులో గుమ్మడి పై ఫొటోలు పంపుతుంటారు. అందులో గుడ్లు ఉంటాయి. మన తీపి గుమ్మడిని ఆవిరి మీద ఉడికించి, గుజ్జును బెల్లంతో హల్వాలాగా దగ్గరపడేదాకా తిప్పి, కొంచెం కస్టర్డు పొడి, పాలు, శొంఠి కలిపితే గుడ్డు లేని లోటు తెలియదు.

పులివెందుల వైపు చీనీకాయలు (బత్తాయిలు) విరివిగా కాస్తాయి. వాటి రసంతో కస్టర్డు పొడి ఉడికించి జొన్న పొరలో పోస్తే చల్లటి టార్ట్. పులుపు కోసం నిమ్మరసం కలపాలంటే పొయ్యి మీంచి దించాకే కలపాలి. పుల్లదనంతో పాటు ఉడికిస్తే చిక్కదనం విరిగిపోతుంది.

కారం: ఎర్రకారం, పప్పుల పొడి

కారం పైలకు ఎవరిని అడిగినా బంగాళదుంప, బఠానీ అంటారు. తప్పు లేదు, కర్రీ పఫ్ కథ అదే. కానీ కడపలో కారం దోసె వేసే బండి దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే ఇంతకంటే మంచి పూర్ణం కనిపిస్తుంది. దోసె మీద ఉల్లిగడ్డ, ఎండుమిరప, తెల్లగడ్డ నూరిన ఎర్రకారం పూస్తారు. ఆ కారానికి తడి ఉంది. అది దోసెను మెత్తబరచకముందే మీద వేయించిన పప్పుల పొడి చల్లుతారు. పొడి ఆ తడిని పీల్చుకుని కారాన్ని పట్టి ఉంచుతుంది, దోసె కరకరలాడుతూనే ఉంటుంది. ఉగ్గానిలోనూ ఇదే పొడి ఇదే పని చేస్తుంది. ఆస్ట్రియావాళ్లు ఆపిల్ స్ట్రూడెల్‌లో ఆపిల్ కింద వేయించిన రొట్టెపొడి చల్లేది కూడా అందుకే.

కర్నూలు మార్కెట్ యార్డు ఉల్లికి పేరు. అరకిలో ఉల్లిని సన్నగా తరిగి, చెంచా ఉప్పు కలిపి పావుగంట ఉంచి గట్టిగా పిండాలి. ఆ నీళ్లు పిండి కలపడానికి పనికొస్తాయి, కాకపోతే పిండిలో ఉప్పు తగ్గించుకోవాలి. చెనిక్కాయల నూనెలో ఉల్లి ఎర్రగా మగ్గాక రెండు చెంచాల ఎర్రకారం వేసి నూనె తేలేదాకా వేయించి చల్లార్చాలి. కింద పొర మీద మూడు చెంచాల పప్పుల పొడి పరిచి, దాని మీద పూర్ణం. తెల్లగడ్డ తినని రోజుల్లో దాని బదులు ఇంగువ. ఉల్లి కూడా వద్దనుకునే రోజుల్లో వంకాయ ముక్కలు వేయించి, నువ్వులు, కొబ్బరి, చింతపండు ముద్దతో గుత్తివంకాయ మసాలా.

టమోటా సంగతి వేరే చెప్పాలి. పత్తికొండ మార్కెట్లో ధర పడిపోయినప్పుడు రైతులు పంటను రోడ్డు మీద పారబోయడం పత్రికల్లో చూస్తూనే ఉంటాం. అట్లాంటి రోజుల్లో కిలో టమోటాలు కొని పావుకిలో అయ్యేదాకా ఇగరబెట్టి పెట్టుకుంటే రెండు పైలకు సరిపోతుంది. టమోటాలో 94 శాతం నీళ్లు. పచ్చిగా పెట్టే పద్ధతులు కూడా ఉన్నాయి, అవి నాకు ఎప్పుడూ కుదరలేదు.

మంట ఎక్కడిది

ఓవెన్ ఉంటే సుఖమే. లేనివాళ్లకు కుక్కర్లో ఉప్పు పోసి కాల్చే పద్ధతి బాగా ప్రచారంలో ఉంది. రబ్బరు, విజిల్ తీసేసినా, నీళ్లు లేకుండా గంటసేపు కాలితే అడుగు పాడవుతుంది. దళసరి పాత ఇనుప బాణలి, గట్టి మూత, లోపల ఇసుకో ఉప్పో, మీద చిన్న స్టాండు మేలు. పైన రంగు మాత్రం రాదు, అందుకని మూత పై కంటే టార్ట్‌కు అది సరి. ఎయిర్ ఫ్రయర్ చేతి పైలకు బాగా పనిచేస్తుంది. కజ్జికాయ అచ్చులో పై పిండి పెట్టి ఎర్రకారం ఉల్లి నింపి 180 డిగ్రీల దగ్గర పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు పెడితే సాయంత్రం పలహారం సిద్ధం. ఇవేవీ లేకపోతే పెనం ఉంది. పెనం మీద పలచటి పై చేయడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు, దాని పేరే ఓళిగ.

మొత్తం చూస్తే, శాకాహారానికి అడ్డమని భయపెట్టే గుడ్డు అసలు అడ్డమే కాదు. కొవ్వు విషయంలో ఎండను గౌరవించాలి. పిండి విషయంలో జొన్నను దాని చోట వాడాలి, గోధుమను దాని చోట. అసలు పరీక్ష తడి దగ్గర. వార్చడం, పిండటం, ఇగరబెట్టడం, పప్పుల పొడి చల్లడం, ఇవన్నీ ఒకే పనికి నాలుగు పేర్లు.

మొన్న ఏప్రిల్‌లో అమ్మ మళ్లీ వచ్చినప్పుడు ఎర్రకారం పై చేసి ముక్క కోసి ఇచ్చాను. తినేముందు ముక్కను తిరగేసి అడుగు చూసింది. గోటితో గీరింది. టక్ మని చప్పుడొచ్చింది. "ఊఁ, ఇప్పుడు తట్టినావు ఓళిగ" అంది.